పాత లాప్‌టాప్‌లో ఆగిన గడియారం

మూలన పడేసిన లాప్‌టాప్‌ తెరిస్తే ఏనాటిదో తేదీ చూపిస్తోందా? తేదీ తప్పితే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. కంగారు పడకండి! అమ్మమ్మగారి ఊళ్లో తీసిన ఫోటోలు హార్డ్‌డిస్క్‌లోనే ఉంటాయి. అయిపోయింది గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ మాత్రమే.

చాలా మోడళ్లలో అది 3 వోల్టుల సీఆర్‌2032. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2. ఛార్జర్‌, పెద్ద బ్యాటరీ తీశాకే మూత విప్పండి. కొన్నింటిలో బిళ్లకు వైర్లు, చిన్న ప్లగ్గు ఉంటాయి. అచ్చం అలాంటిదే కొనండి. రీచార్జి అయ్యే రకమైతే బదులుగా సీఆర్‌2032 పెట్టకూడదు. కొత్తది పెట్టాక తేదీ, సమయం సరిచేస్తే చాలు.

పిల్లలూ, పక్కన కూర్చుని చూడండి, బిళ్ల మాత్రం ముట్టుకోవద్దు. పొరపాటున మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పాత బిళ్లకు టేపు చుట్టి, బ్యాటరీలు సేకరించే చోట ఇచ్చేయండి.