తాళములేని చాకు

మడత చాకులలో నాకు మిక్కిలి ప్రీతియైనది జపానువారి హిగోనోకామి. పందొమ్మిదవ శతాబ్ది చివర మికి పట్టణమున పుట్టిన ఈ చాకునకు మడచిన లోహపు రేకే పిడి. తెరచిన అలుగు తిరిగి ముడుచుకొనకుండ ఆపు తాళమేదియు దీనికి లేదు. అలుగు మొదటనున్న చిన్న తోకను బొటనవ్రేలితో అదిమి పట్టవలెను. రక్షణ చాకులో లేదు. పట్టిన వ్రేలిలోనే యున్నది.

ఒకనాడు అచటి బడిపిల్లలు దీనితోనే పెన్సిళ్లు చెక్కుకొనెడివారు. 1960లో సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరోను పదునేడేండ్ల యువకుడొకడు సభావేదికపై పొట్టి ఖడ్గముతో పొడిచి చంపెను. పిమ్మట పిల్లలచేత కత్తులుండరాదను ఉద్యమము బలపడెను. ఖడ్గము చేసిన నేరమునకు చాకు శిక్ష ననుభవించెను. నేడు ఆ పేరున చాకులు చేయు కార్ఖానా మికిలో ఒక్కటే మిగిలినది. ప్రమాదము కొంత తొలగెనేమో గాని, వ్రేలికి జాగ్రత్త నేర్పెడి పాఠమొకటి బడినుండి తొలగిపోయెను.