మీకు తెలుసా? ‘నల్లగొండ’ పొడవు 24!

‘నల్లగొండ’లో ఎన్ని అక్షరాలు? న, ల్ల, గొం, డ... నాలుగే అంటారు బడిపిల్లలు. పైథాన్‌ను అడిగితే 8 అంటుంది. సీ భాషలోని స్ట్ర్‌లెన్ ఫంక్షన్ 24 అంటుంది. మూడు లెక్కలూ సరైనవే!

● యూనికోడ్‌లో పొల్లుకూ, ఒత్వానికీ, నిండుసున్నకూ కూడా విడివిడి సంకేతాలున్నాయి. న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, నిండుసున్న, డ కలిపి 8. పైథాన్ లెక్కపెట్టేది వీటినే. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. సీ చూసేది ఆ 24 బైట్లనే. ఇదే పేరు ఇంగ్లిష్‌లో రాస్తే 8 బైట్లతో సరి.

● సున్నా బైటు ఎదురైతేనే మాట అయిపోయిందని సీకి తెలుస్తుంది. అందుకే ‘నల్లగొండ’ దాచడానికి 25 బైట్ల చోటు కావాలి. 20 బైట్లే కేటాయించి, కొలవకుండా కాపీ చేస్తే పక్కనున్న మెమరీ చెడిపోతుంది. 19 బైట్ల దగ్గర ఆపేస్తే నిండుసున్న మధ్యలో తెగి, ‘నల్లగొ’ పక్కన పిచ్చిగుర్తు పడుతుంది.

● పైథాన్ నుంచి సీ లైబ్రరీలను పిలిచే సీటైప్స్, 2006లో పైథాన్ 2.5తో పాటు వచ్చింది. పైథాన్ 3లో ఏ రకమో చెప్పకుండా స్ట్రింగ్‌ను నేరుగా ఇస్తే, అది వైడ్ క్యారెక్టర్లుగా వెళ్తుంది. అప్పుడు ‘నల్లగొండ’ పొడవు మామూలు లినక్స్ పీసీలో 2, విండోస్‌లో 16! లినక్స్‌లో ఒక్కో సంకేతానికి 4 బైట్లు. ‘న’లో రెండు బైట్లు దాటగానే సున్నా తగులుతుంది, లెక్క అక్కడే ఆగిపోతుంది. యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చేసి బైట్లుగా ఇస్తే 24 వస్తుంది.

● ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన ‘మహబూబ్‌నగర్’ది ఇంకో తిరకాసు. ‘బ్’ కింద ‘న’ వత్తుగా చేరకుండా మధ్యలో కంటికి కనిపించని సంకేతం ఒకటి వేస్తాం. అది ఉంటే 33 బైట్లు, లేకుంటే 30. రెండింటినీ పోల్చమంటే సీలోని స్ట్ర్‌కంప్ వేర్వేరు పేర్లని తేల్చేస్తుంది.

● మనమిచ్చిన పేరును సీ ఫంక్షన్ దిద్దాల్సి ఉంటే, పైథాన్ బైట్లను నేరుగా ఇవ్వకూడదు. అవి మార్చడానికి వీల్లేనివి. సీటైప్స్‌తోనే విడిగా బఫర్ తయారుచేసి ఇవ్వాలి.

తెలుగు పేర్లను సీకి అప్పగించే ముందు అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెట్టండి. చివరి సున్నాకు మరొకటి కలపడం మరవకండి.