కుక్క మొరిగితే... ర్యాంకు గల్లంతు!

మూడో తరగతి గది. ఇరవై మంది పిల్లలు. పెన్సిళ్లు చెక్కుకుని బుద్ధిగా కూర్చున్నారు. లెక్కల పరీక్ష మొదలైంది. సరిగ్గా అప్పుడే బయట ఆటస్థలంలో ఓ కుక్క మొరగడం మొదలెట్టింది. ఎంతకీ ఆపదే! ఇద్దరు పిల్లల ధ్యాస అటు మళ్లింది. మామూలుగా అయితే గట్టెక్కాల్సిన ఆ ఇద్దరూ తప్పారు. అంతే... బడి ఉత్తీర్ణత ఒక్కసారిగా పది శాతం పడిపోయింది!

కథలా అనిపించినా, ఆ కుక్క నిజంగానే ఓ పరిశోధనా పత్రంలో ఉంది. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే అమెరికా ఆర్థికవేత్తలు 2002లో రాసిన పత్రమది. పరీక్ష రోజున కుక్క మొరగొచ్చు, ఊళ్లో ఫ్లూ జ్వరాలు ఉండొచ్చు, తరగతిలో ఓ అల్లరి పిడుగు ఉండొచ్చు... ఇలాంటివన్నీ కలిసి బడి మార్కుల్ని ఏటికేడూ ఎగరేస్తాయి, దించేస్తాయి అన్నారు వాళ్లు. నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఎలిమెంటరీ స్కూళ్ల ఫలితాలను జల్లెడ పట్టి మరీ చెప్పిన మాట ఇది. బడి ఎంత చిన్నదైతే ఆ ఊగిసలాట అంత ఎక్కువట.

ఊగితే ఊగనీ, పోయేదేముంది అనుకోవడానికి లేదు. అమెరికాలో ఆ మార్కుల మీదే బడి తలరాత ఆధారపడిన కాలమది. ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టంపై 2002 జనవరి 8న అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం పెట్టారు. దాని ప్రకారం మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకూ ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్షలు పెట్టాలి. 2014 కల్లా పిల్లలంతా... అవును, నూటికి నూరు మందీ నిర్ణీత స్థాయికి చేరాలి! పేద పిల్లల కోసం కేంద్ర నిధులు తీసుకునే బడి వరసగా రెండేళ్లు లక్ష్యం తప్పితే ‘మెరుగుపడాల్సిన బడి’ అన్న ముద్ర పడేది. తల్లిదండ్రులు పిల్లల్ని వేరే బడికి మార్చుకోవచ్చు. ఇంకా తప్పుతూ పోతే సిబ్బందిని మార్చేదాకా వెళ్లేది వ్యవహారం. పరీక్షకు 95 శాతం మంది హాజరు కావాలన్న నిబంధన మరొకటి. నలభై మందిలో ముగ్గురు జ్వరంతో ఇంట్లో పడుకుంటే హాజరు 92.5 శాతమే!

శిక్షలే కాదు, నజరానాలూ ఉండేవి. ఆ చట్టం రాకముందే, 2000 ప్రాంతంలో కాలిఫోర్నియా రాష్ట్రం మార్కులు బాగా పెరిగిన బళ్ల టీచర్లకు ఒక్కొక్కరికి 25 వేల డాలర్ల దాకా బోనస్ ప్రకటించింది. కష్టపడ్డవాళ్లకు దక్కితే సంతోషమే. కానీ అందులో కష్టమెంత, కలిసొచ్చిన కాలమెంత?

ఇరవై మందితో వచ్చే తంటా

ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. పిల్లల్లో సగటున 60 శాతం మందిని గట్టెక్కించే బడి ఒకటి ఉందనుకోండి. టీచరు మారలేదు, పాఠం మారలేదు, ఊరూ మారలేదు. తరగతిలో ఇరవై మంది. అంటే పన్నెండు మంది పాసవ్వాలి. ఏటా అచ్చంగా పన్నెండు మందే అవుతారా? కారు. నాలుగేళ్లలో మూడేళ్లు పది నుంచి పద్నాలుగు మంది మధ్య ఉంటారు. అంటే 50 శాతం నుంచి 70 శాతం. మిగతా ఒక్క ఏడాదీ ఆ గీత కూడా దాటి, ఇంకా పైకో కిందికో పోతుంది. అదే రెండొందల మంది రాసే పెద్ద బడిలో ఒక్కో పిల్లాడి వాటా అర శాతమే. ఇద్దరు తప్పినా ఎవరికీ తెలీదు. మన పదో తరగతి ఫలితాల రోజున ‘నూరు శాతం’ బళ్ల జాబితా, ‘సున్నా’ బళ్ల జాబితా చదివేటప్పుడు పక్కన రాసినవాళ్ల సంఖ్య కూడా చూస్తే ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

మార్కులు పడిపోయిన ఏడాది ఏం జరుగుతుంది? హెడ్మాస్టర్‌కు అక్షింతలు పడతాయి. సాయంత్రం అదనపు క్లాసులు మొదలవుతాయి. ఆటల పీరియడ్ ఎగిరిపోతుంది. మరుసటేడు, ఏమీ చేయకపోయినా పెరిగి ఉండే మార్కు పెరుగుతుంది. ఘనత మాత్రం అదనపు క్లాసులది! పాపం, ముందు ఏడాది తిట్లు తిన్న టీచరుకు క్షమాపణ ఎవరు చెబుతారు?

పైనా వాళ్లే... కిందా వాళ్లే

హోవర్డ్ వైనర్ అనే గణాంకవేత్త ఈ తమాషాను 2007లో ఓ వ్యాసంలో బయటపెట్టారు. పెన్సిల్వేనియాలో 1,662 బళ్ల అయిదో తరగతి లెక్కల మార్కులు తీసుకున్నారు. అన్నిటికన్నా మంచి మార్కులొచ్చిన 50 బళ్లలో, రాష్ట్రంలోకెల్లా అతి చిన్నవైన 50 బళ్లలోవి ఆరు ఉన్నాయి. మామూలుగా అయితే ఒకటో రెండో ఉండాలి. ‘ఆహా, చిన్న బడే మంచిది’ అని అక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఆయన అట్టడుగు 50 కూడా చూశారు. అక్కడ తొమ్మిది!

జాబితాలో పై సగం మాత్రమే చూస్తే ఎంత ఖర్చో చెప్పడానికి ఓ ఉదాహరణ ఉంది. పెద్ద హైస్కూళ్లను చిన్నవిగా విడగొట్టడం, కొత్త చిన్న బళ్లు పెట్టడం మీద గేట్స్ ఫౌండేషన్ చాలా ఆశ పెట్టుకుంది. హైస్కూళ్ల బాగు కోసం మొత్తం 200 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. తాము సాయం చేసిన చిన్న బళ్లలో చాలావాటిలో చదువు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని 2009 నాటి తన వార్షిక లేఖలో బిల్ గేట్సే ఒప్పుకున్నారు.

అలాగని పరీక్షలే దండగ అనడమూ తప్పే. ఆ చట్టం వచ్చాకే పేద పిల్లల, నల్లజాతి పిల్లల, ఇంగ్లిష్ అప్పుడే నేర్చుకుంటున్న పిల్లల మార్కులు విడివిడిగా ప్రకటించడం దేశమంతటా తప్పనిసరైంది. అంతకుముందు ఆ పిల్లలంతా సగటు మార్కు వెనక దాక్కుండిపోయేవారు. 2015 డిసెంబరులో ఒబామా సంతకంతో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది. బళ్లపై చర్యలు ఎలా ఉండాలన్నది చాలావరకు రాష్ట్రాలకే వదిలేశారు. మూడు నుంచి ఎనిమిది తరగతులకు ఏటా పరీక్ష మాత్రం అలాగే ఉంది.

ఇక ఈ మార్కులతో మనవాళ్లకేం పని అంటారా? ఫ్రీమాంట్‌లోనో, ప్లేనోలోనో ఇల్లు కొనబోయే తెలుగు దంపతుల్ని అడగండి. వంటగది ఎంతుందో చూసేకన్నా ముందే స్కూల్ రేటింగ్ చూస్తారు. పదికి తొమ్మిదా, ఏడా? ఇక్కణ్నుంచి అత్తగారు కూడా ఫోన్లో అదే అడుగుతారు. ఆ రెండు అంకెల తేడా కోసం ముప్పై ఏళ్ల అప్పు ఇంకాస్త బరువెక్కినా సరేననుకుంటారు. ఏడులో ఉన్న ఎలిమెంటరీ స్కూలు చిన్నదైతే, ఆ తేడాలో కొంత పరీక్ష నాటి జలుబు జ్వరాలదే కావచ్చు.

ఒక్క ఏడాది అంకె బదులు మూడేళ్ల ఫలితాలు పక్కపక్కన పెట్టుకుంటే బొమ్మ కాస్త కుదురుగా కనిపిస్తుంది. ఎంతమంది రాశారన్నది కూడా రాష్ట్రాలు ఇచ్చే వివరాల్లో దొరుకుతుంది. కాలిఫోర్నియాలోనైతే, పది మంది లేదా అంతకన్నా తక్కువ మంది రాసినచోట ఫలితమే వేయరు. పిల్లల వివరాలు బయటపడకుండా ఆ గడిలో ఓ చుక్క గుర్తు పెట్టి వదిలేస్తారు. పదకొండో పిల్లాడు చేరాడో... అంకె వచ్చేస్తుంది!