మెట్ట ఎకరానికి రెండు కొలతలు

తుంగభద్రకు ఉత్తరాన అలంపురం, దక్షిణాన కర్నూలు. రెండూ అర్ధశుష్క ప్రాంతాలే. అయినా ఎనిమిదెకరాల మెట్ట గల కుటుంబం దక్షిణపు ఒడ్డున బియ్యం కార్డుకు భూపరిమితి దాటదు, ఉత్తరపు ఒడ్డున దాటుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో హద్దు 3 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట, తెలంగాణలో 3.5 ఎకరాల తరి లేదా 7.5 ఎకరాల ఖుష్కీ. గ్రామీణ ఆదాయపు హద్దు మాత్రం తిరగబడుతుంది: ఉత్తరాన ఏటా 1.5 లక్షల రూపాయలు, దక్షిణాన నెలకు 10 వేలు. నెలసరి లెక్క జీతగానికి సరిపోతుంది గాని, పంట చేతికి వచ్చినప్పుడే రొక్కం చూసే రైతుకు ఎట్లు పొసగును? సొంత భూమి లేని కౌలుదారును ఎకరాల కొలత అసలే పట్టుకోలేదు. వాన ముఖం చాటేసి కంది ఎండిన ఏడాది కూడా మెట్ట రైతు దస్త్రంలో ఎనిమిదెకరాల ఆసామియే. బియ్యం మాత్రం అంగట్లో కొనవలసిందే.