అలసిన చేతులు

ఆసుపత్రిలో నర్సమ్మ విసుక్కుంటే "ఈమెకు ప్రేమ లేదు" అని మనము తీర్పు తీర్చేస్తాము. ఆమె ఒక్కతే ఎందరు రోగులను చూస్తున్నదో అడుగము.

అమెరికాలో నర్సుగా పనిచేసి ఆచార్యురాలైన లిండా ఐకెన్ ఆ లెక్కే అడిగారు. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించిన ఆమె బృందము 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక్కో నర్సుపై అదనంగా ఒక రోగి భారము పడినచోట, శస్త్రచికిత్స జరిగినవారు 30 రోజుల్లోగా మరణించే అవకాశము 7 శాతము, నర్సులు పనిభారముతో మానసికంగా కృంగిపోయే అవకాశము 23 శాతము ఎక్కువగా కనిపించాయి.

అలసి పడుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు.

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన సహోదరిని "ఆరాధనకు ఎందుకు రాలేదమ్మా?" అని అడిగేముందు, ఆమె ఇంటికి ఒకపూట భోజనము పంపుదామా?