ఊరుమ్మడి చదువు - ఇంటింటి ఆరోగ్యం

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట పేరు చెప్పగానే ఆ ప్రాంతంవారికి చక్కెర కర్మాగారం జ్ఞాపకానికి వస్తుంది. అది 2015 డిసెంబరులో మూతపడింది. కోరుట్ల, మెట్‌పల్లి పరిసరాలలోని పల్లెలలో పసుపు పంట, బీడీల పని, గల్ఫ్ వలస అనే మూడింటి చుట్టూ ఎన్నో కుటుంబాల జీవనం అల్లుకొని ఉన్నది. ఇంటి యజమాని దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇంట్లో మిగిలేది అవ్వ, కోడలు, పిల్లలు. అర్ధరాత్రి పసివాడికి విరేచనాలు పట్టుకొంటే నీళ్ళు తాగించవచ్చునా, ఏ ఆకు నూరాలి, ఆసుపత్రికి ఎప్పుడు కదలాలి అన్న మొదటి నిర్ణయం వీరిదే. ఆ నిర్ణయానికి కావలసిన విద్యను వీరికి ఎవరు, ఎక్కడ నేర్పుతున్నారు?

బడి ఈడు దాటినవారికి ఇంకేమి చదువు అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. ఆయుర్వేదం ఆ విధంగా భావించలేదు. చరక సంహిత ఆరంభమే ఒక సభ. రోగాలు ప్రబలి మానవుల తపస్సుకు, ఆయుష్షుకు విఘ్నం కలుగుతున్న కాలంలో మహర్షులు హిమవత్పర్వత పార్శ్వాన సమావేశమై, ఉపాయం తెలుసుకొని రమ్మని భరద్వాజుని ఇంద్రుని వద్దకు పంపారు. అదే గ్రంథంలో విమానస్థానం 8వ అధ్యాయం శాస్త్రజ్ఞానానికి మూడు మార్గాలు చెబుతున్నది. అవి అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష. తద్విద్య సంభాష అంటే ఆ విద్య తెలిసినవారు కూర్చొని పరస్పరం చర్చించుకోవడం. నేడు కార్యశాల అని, వర్క్‌షాపు అని పిలుస్తున్నది ఇంచుమించు దీనినే. బుద్ధిమంతునికి లోకమంతా గురువేనని, హితవు పలికినవాడు శత్రువైనా ఆ మాట వినవలసిందేనని కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది.

ఇంతకంటె ముఖ్యమైన విషయం సూత్రస్థానం మొదటి అధ్యాయంలో కనిపిస్తుంది. మేకల కాపరులు, గొర్రెల కాపరులు, గోపాలకులు, వనవాసులు ఓషధుల పేర్లను, రూపాలను ఎరుగుదురని చరకుడు గౌరవంగా పేర్కొన్నాడు. వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన ఓషధి ప్రయోగం తెలిసినట్లు కాదని హెచ్చరించాడు. తెలియని ఔషధం విషంతో, శస్త్రంతో, అగ్నితో సమానమనీ, తెలిసిన ఔషధం అమృతతుల్యమనీ అన్నాడు. కాపరి వద్ద ఒక సగం, వైద్యుని వద్ద మరొక సగం ఉన్నదన్నమాట. ఆ రెండు సగాలు ఒకచోట కలవనిదే ఓషధి మందు కాదు.

కలవకపోతే ఏమవుతుందో కరోనా రోజులలో చూశాం. తిప్పతీగ కషాయం ఇంటింటా కాగింది. దానిని సేవించినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. తిప్పతీగ సురక్షితమే కాని, దానిని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరొక తీగ హాని చేయవచ్చునని 2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. ఆ రెండవ తీగ కాండం నిండా బొడిపెలు ఉంటాయి. పుస్తకంలో బొమ్మ చూసి ఈ తేడాను పట్టుకోవడం సులభం కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, చేతితో తడిమి చూపేవారు కావాలి. అసలు తిప్పతీగనైనా కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా సేవించరాదు.

మన పండుగలలో ఈ విద్యాభ్యాసం ఒకప్పుడు తనంతట తానే జరిగేది. బతుకమ్మకు గునుగు, తంగేడు పూలు తెచ్చే ఆడపిల్ల పది మొక్కల పేర్లు నోటికి నేర్చుకొనేది. వినాయక చవితినాడు తుమ్మికూర వండేవారు. పత్రి కోసం పిల్లలు తాత వెంట చెలక గట్లపై తిరిగేవారు. ఏకవింశతి పత్రాలలో ఉత్తరేణి, వావిలి, బిల్వం, మారేడు అని రెండు పేర్లతో వ్యవహరించే ఆకు, తులసి వంటి ఓషధులు ఉన్నాయి. వాటి పక్కనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. ఈ మూడూ పూజకు యోగ్యమేగాని నోట పెట్టడానికి కావు. గన్నేరులో ప్రతి భాగమూ గుండెకు విషమే. తాత ఈ మాటను పత్రి కోస్తూనే చెప్పేవాడు. ఇప్పుడు పత్రి కట్ట అంగడిలో దొరుకుతున్నది, ఆ మాట మాత్రం దొరకడం లేదు.

పెద్దలకు అన్నీ తెలుసునని చెప్పడం నా ఉద్దేశం కాదు. విరేచనాలు అవుతున్న బిడ్డకు నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని దాహంతో ఉంచిన అవ్వలు మన ఇళ్ళలోనే ఉండేవారు. వారికి ప్రేమ తక్కువై కాదు, చెప్పినవారు లేక. ఈ చదువు పెద్దలకు ఎలా చెప్పాలో బంగ్లాదేశ్ చేసి చూపింది. అక్కడి బ్రాక్ సంస్థ 1980 నుండి 1990 వరకు మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. మూడు వేళ్ళకు వచ్చిన ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీరు - పలక, బలపం, పుస్తకం ఏవీ లేని పాఠం ఇది. తల్లి తన చేతులతో తానే కలిపి చూపాలి. కొన్నాళ్ళకు మరొకరు వచ్చి కొందరు తల్లులను ఎంచుకొని మళ్ళీ పరీక్షించేవారు. తల్లికి ఎంత జ్ఞాపకం ఉంటే నేర్పిన కార్యకర్తకు అంత జీతం! 1 కోటి 20 లక్షలకు పైగా ఇళ్ళకు ఆ పాఠం చేరింది. మన సభలలోని ఉపన్యాసకులకు ఇదే నియమం పెడితే ఎందరికి దారిఖర్చులు గిట్టుబాటవుతాయో!

నేడు మన ఇళ్ళకు తగిన కొలత ఇది. కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో గోపురంలా కాకుండా సమంగా కొలిచిన 6 టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. కన్నీటికంటె ఎక్కువ ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. ఓఆర్ఎస్ పొట్లం దొరికితే అదే ఉత్తమం. తల్లిపాలు ఆపరాదు. మలంలో రక్తం పడినా, కళ్ళు గుంటలు పడినా, బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం ఆగినా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి.

మన తెలంగాణలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుండి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా సంక్రాంతి రోజులలో పాత పంటల జాతర ప్రారంభిస్తాయి. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా ఆగుతాయి. ఏ నేలకు ఏ విత్తనమో పిల్లలూ పెద్దలూ ఆ బండ్ల చుట్టూ చేరి మాట్లాడుకొంటారు. బడికి వెళ్ళని స్త్రీలు అక్కడ వీడియో కెమెరా పట్టారు. మాచ్‌నూర్‌లో 2008లో ఆరంభమైన సంఘం రేడియోను నడిపినవారు కూడా పల్లె స్త్రీలే. నెల్లూరు జిల్లాలో 1990 దశకం మొదట్లో సాగిన అక్షరాస్యతా ఉద్యమం ఇంకొక అడుగు ముందుకు వేసింది. రాత్రి బడులలో కూడిన స్త్రీలు తమ కష్టాలను చర్చించుకొంటూ సారా దుకాణాలపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుండి నాటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది.

వృద్ధులకు మాత్రం మరొక లాభం ఉన్నది. మతిమరపు వ్యాధికి దారితీసే, మనం నివారించుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం పేర్కొన్నది. వాటిలో చదువు కొరవడటం, వినికిడి, చూపు తగ్గడం, నలుగురికి దూరమై ఒంటరిగా ఉండటం ఉన్నాయి. మేధ్య రసాయనాలుగా చరకుడు మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చెప్పాడు. నిజమే. అయితే అవ్వకు సరస్వతి లేహ్యం పెట్టి, ఆమెను ఒక మూల కూర్చోబెట్టి, ఎవరూ పలకరించకుంటే లేహ్యం ఒక్కటే ఏమి చేయగలదు?

ముత్యంపేట వంటి ఊరిలో ఇట్టి కూటమికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పంచాయతీ కార్యాలయమో, మహిళా సంఘం భవనమో చాలును. నెలకు ఒక సాయంత్రం కూడితే సరిపోతుంది. పసుపు తవ్వి ఉడకబెట్టే మాఘ, ఫాల్గుణాలలో పెడితే ఎవరూ రారు కనుక వానాకాలంలో మొదలుపెట్టాలి. అప్పుడు గట్ల మీద మొక్కలు కూడా పచ్చగా ఉంటాయి. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ఆ సాయంత్రం కూలి పోతుందన్న దిగులు ఉంటుంది. చాట తెచ్చుకొంటామంటే కాదనబుద్ధి కాదు, కాని పిల్లల పక్కన పొగాకు దుమ్ము మంచిది కాదు. అందుచేత గంటకు మించకుండా ముగించడమే ఉపాయం.

మొక్కలు తేవడం పెద్దల వంతు. మందుల అట్టలు తేవడం పిల్లల వంతు. బీపీ, షుగరు మాత్రల పేరు, గడువు తేదీ మనుమరాలు చదివి అవ్వకు గుర్తులు నేర్పుతుంది. ఉత్తరేణి ఏదో అవ్వ మనుమరాలికి చూపుతుంది. ఊరి ఆశా కార్యకర్తనో, సమీపంలోని ఆయుర్వేద వైద్యునో తప్పక పిలవాలి. వైద్యుడు సరేనన్న ఆకునే ఆ రోజు పాఠంగా తీసుకోవాలి. సందేహం ఉన్న ఆకును ఎవరూ రుచి చూడకూడదు.

మొదటి రోజుకు పసుపు పాఠం అందరికీ ఇష్టమవుతుంది. రెండు గాజు గ్లాసులలో నీరు పోసి, ఒకదానిలో ఇంట దంచిన పసుపు, రెండవదానిలో అంగడి పసుపు ఒక్కొక్క చెంచా వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగి, పైనీరు లేత పసుపుగా మిగులుతుంది. కృత్రిమ రంగు కలిసినదైతే నీరంతా చిక్కని పసుపురంగుకు తిరుగుతుంది. పొట్లం తెచ్చినవారు దానిమీది దుకాణం పేరు, తేదీ ఒక కాగితంపై రాసుకొని రావాలి.