కేకుపై పల్లీ క్రీమ్.. డబ్బాపై ఒక్క మాట

ఉంటర్‌ఫ్యోరింగ్ (జర్మనీ): మ్యూనిక్‌కు ఈశాన్యాన, విమానాశ్రయానికి వెళ్లే ఎస్8 రైలు మార్గంలో ఉన్న చిన్న ఊరు ఉంటర్‌ఫ్యోరింగ్. టీవీ స్టూడియోలకు, బీమా సంస్థ అలియాంజ్ కార్యాలయాలకు పేరున్న ప్రాంతం. ఉద్యోగరీత్యా ఇలాంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, పిల్లలు కిండర్‌గార్టెన్‌లో చేరగానే ఒక కొత్త పని వచ్చి పడుతుంది. పుట్టినరోజున మన దగ్గర చాక్లెట్లు పంచినట్టు, ఇక్కడ ఇంట్లో చేసిన కేకో, కప్‌కేకులో పంపడం ఆనవాయితీ.

బవేరియాలో దుకాణాలు రాత్రి 8 గంటలకే మూతపడతాయి. ఆదివారం తెరవవు. సోమవారం పుట్టినరోజైతే శనివారమే సరుకులన్నీ సర్దుకోవాలి. కేకు మీద పూసే క్రీమ్ మర్చిపోయినా కంగారు పడనక్కర్లేదు. దానికి కావాల్సిన ముఖ్యమైన సరుకు తెలుగువారి వంటింట్లో ఎప్పుడూ ఉండేదే. అదే పల్లీ.

పేరులోనే చుట్టరికం

తెలంగాణలో పల్లీలు, కోస్తాలో వేరుశనగ గుళ్లు, సీమలో శనక్కాయలు, బుడ్డలు. జర్మన్‌లో ‘ఎర్ట్‌నుస్’, అంటే మట్టిలో కాసే గింజ. మన వేరుశనగ అన్న పేరుకూ దాదాపు అదే భావం. పేరులో నట్ ఉన్నా ఇది బాదం, జీడిపప్పుల జాతి కాదు. కంది, శనగల్లాగే కాయధాన్యం.

పీనట్ బటర్‌ను కనిపెట్టింది అమెరికా శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అని చాలామంది అనుకుంటారు. ఆయన వేరుశనగతో 105 వంటకాలు చెబుతూ పుస్తకం తెచ్చింది 1916లో. అంతకు చాలాముందే, 1884లో మాంట్రియల్‌కు చెందిన మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ వేయించిన పల్లీలను ముద్దగా నూరే విధానానికి అమెరికాలో పేటెంట్ పొందారు.

పల్లీ ముద్ద ఇలా..

పావుకిలో పచ్చి పల్లీలు తీసుకోండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. బూజు వల్ల చేరే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం వేయించినా పూర్తిగా పోదు. మంచి గింజలను ఓవెన్ ట్రేలో పలుచగా పరిచి 160 డిగ్రీల వేడిలో 15 నుంచి 20 నిమిషాలు వేయించండి. మధ్యలో ఒకసారి కలపాలి. బాణలిలోనైతే సన్నసెగ మీద నిదానంగా వేయించాలి. చల్లారాక గుడ్డలో వేసి నలిపితే పొట్టు ఊడిపోతుంది.

పచ్చి పల్లీలు మ్యూనిక్ ప్రధాన స్టేషన్‌కు దక్షిణాన ఉన్న గోథే వీధి, లాండ్‌వేర్ వీధి వైపు కిరాణా దుకాణాల్లో వెతకవచ్చు. డిసెంబరు 6న వచ్చే నికోలాస్ పండుగ రోజుల్లో సూపర్‌మార్కెట్లలో పెంకుతో వేయించిన వేరుశనగ కాయలు వస్తాయి. ఉప్పు లేనివైతే అవీ పనికొస్తాయి.

ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీలో చట్నీ జార్ ఇందుకు చక్కగా సరిపోతుంది. జర్మనీలోనూ కరెంటు 230 వోల్టులే. ప్లగ్ మార్చుకుంటే చాలు. మొదట పొడి అవుతుంది, తర్వాత గట్టి ముద్దవుతుంది, ఆపైన నూనె వదిలి జారుగా మారుతుంది. నిమిషానికోసారి ఆపి, అంచులకు అంటింది గీరి, మిక్సీని చల్లారనివ్వాలి. పల్లీ చట్నీ అలవాటు కొద్దీ నీళ్లు మాత్రం పోయొద్దు. చెంచాడు నీళ్లు పడినా ముద్ద బిగుసుకుపోతుంది.

ముద్ద నూరే ఓపిక లేకపోతే దుకాణంలో ‘ఎర్ట్‌నుస్‌మూస్’ అని దొరుకుతుంది. అందులో సాధారణంగా పల్లీలే ఉంటాయి. పీనట్ బటర్ పేరుతో వచ్చే కొన్ని సీసాల్లో చక్కెర, ఉప్పు, పామాయిల్ కూడా కలుస్తాయి. అలాంటిది వాడితే పైన వేసే చక్కెర కాస్త తగ్గించాలి. మూస్ సీసాలో నూనె పైకి తేలి ఉంటే పారబోయకుండా అడుగు వరకూ కలపాలి.

క్రీమ్ కలిపే తీరు

పన్నెండు కప్‌కేకులకు సరిపడే కొలతలివి: ఉప్పు లేని వెన్న 125 గ్రాములు (ఇక్కడి 250 గ్రాముల దిమ్మలో సగం), పల్లీ ముద్ద 200 గ్రాములు, ‘పూడర్‌త్సుకర్’ అనే పొడి చక్కెర 200 గ్రాములు, పాలు రెండు మూడు చెంచాలు, చిటికెడు ఉప్పు. గుడ్డు అవసరం లేదు.

వెన్నను గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచాలి. వేలితో నొక్కితే సొట్ట పడాలి, కానీ కరిగిపోకూడదు. బీటర్‌తో మూడు నిమిషాలు గిలక్కొడితే తెల్లబడి తేలికవుతుంది. అప్పుడు పూర్తిగా చల్లారిన పల్లీ ముద్ద, ఉప్పు వేసి కలపాలి. చక్కెరను జల్లించి మూడు విడతలుగా వేయాలి. చివర్లో పాలు ఒక్కో చెంచా చొప్పున పోయాలి. చెంచాతో తీసి తలకిందులు చేస్తే జారకుండా నిలిస్తే క్రీమ్ సిద్ధమైనట్టే.

పలుచనైతే 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ గిలక్కొట్టండి. గట్టిపడితే ఇంకో చెంచా పాలు చాలు. పలుకులుగా తగిలితే చక్కెర సరిగా జల్లించలేదని అర్థం. ఇంటి మిక్సీలో ఆడించిన చక్కెరతో ఎక్కువగా ఇదే ఇబ్బంది. నూనె విడిపోతుంటే వేడి ఎక్కువైందన్నమాట. గిన్నెను కాసేపు చల్లబరిచి, ఓ చెంచా చల్లని పాలు పోసి కలిపితే దారికొస్తుంది. కేకు పూర్తిగా చల్లారాకే పూయాలి. పైన పల్లీ పట్టీని పలుకులుగా దంచి చల్లితే మన ఇంటి రుచి వస్తుంది. అందులో పల్లీ ఉందని చూడగానే తెలుస్తుంది కూడా.

పంపే ముందు అడగాలి

మనకు పల్లీ ఎంత అలవాటంటే, అది ఉందని చెప్పాలన్న ఆలోచనే రాదు. పులిహోరలో, ఉప్మాలో, గుత్తివంకాయ మసాలాలో, కారప్పొడుల్లో అన్నిటా అదే. కానీ పల్లీ అలర్జీ ఉన్న చిన్నారికి కొద్దిపాటి ముక్క కూడా ప్రాణం మీదికి తేవచ్చు. పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఊపిరి అందకపోవడం ప్రమాద సూచనలు. వెంటనే 112కు ఫోన్ చేయాలి. పిల్లల దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే ఆలస్యం చేయకుండా వేయాలి.

‘మా పిల్లలు చిన్నప్పటి నుంచీ తింటున్నారుగా’ అన్న మాటలోనూ కొంత నిజముంది. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లలపై లండన్‌లో జరిగిన ‘లీప్’ అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఏడాది నిండకముందే పల్లీ పదార్థాలు తినడం మొదలుపెట్టిన వారిలో, ఐదేళ్ల వయసుకు పల్లీ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. కానీ అది ముందు జాగ్రత్త మాత్రమే, డాక్టరు సలహాతో చేయాల్సింది. ఇప్పటికే అలర్జీ ఉన్న పక్కింటి బిడ్డకు అది రక్షణ కాదు.

యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం దుకాణాలు, హోటళ్లు 14 రకాల అలర్జీ పదార్థాల వివరం చెప్పి తీరాలి. వేరుశనగ వాటిలో ఒకటి. నువ్వులు, పాలు, గుడ్డు, గోధుమ కూడా ఆ జాబితాలోవే. ఇంట్లో చేసి అప్పుడప్పుడూ పంచే కేకును ఆ చట్టం పట్టించుకోదు. కాబట్టి చెప్పాల్సింది ఇంటివాళ్లే.

రెండు మూడు రోజుల ముందే టీచరును అడగండి. పల్లీ, గింజలు పూర్తిగా వద్దనే చోట్లున్నాయి. వెన్న, క్రీమ్ పూసిన కేకులు వద్దనేవీ ఉన్నాయి. సరేనంటే డబ్బా మూత మీద ‘ఎంట్‌హెల్ట్ ఎర్ట్‌న్యూస్సే’ అని జర్మన్‌లో పెద్దక్షరాలతో రాసి అంటించండి. ‘వేరుశనగ ఉంది’ అని దానర్థం. కింద గోధుమ, పాలు, గుడ్డు వంటివీ రాయండి. చేతులకు, గిన్నెలకు సబ్బు తప్పనిసరి. శానిటైజర్ రాసుకుంటే పల్లీ అవశేషం పోదు.

వద్దంటే పొద్దుతిరుగుడు గింజల ముద్దతో ఇదే కొలతల్లో క్రీమ్ చేయవచ్చు. ఆ 14 పదార్థాల జాబితాలో పొద్దుతిరుగుడు లేదు. అయితే దాన్ని రోజూ పల్లీ చట్నీ నూరే జార్‌లో ఆడించొద్దు. ఎంత కడిగినా మూత రబ్బరు సందుల్లో పల్లీ మిగలవచ్చు. ‘జాడలు ఉండవచ్చు’ అన్న హెచ్చరికను సీసాపై ముద్రించడం కంపెనీల ఇష్టమే కాబట్టి, అది లేనంత మాత్రాన భరోసా అనుకోకూడదు. తరగతిలో అలర్జీ ఉన్న బిడ్డ ఉంటే ఆ తల్లిదండ్రులనే అడిగి, వాళ్లు చెప్పిన సరుకే కొనడం మేలు. అప్పుడు ఆ చిన్నారి కూడా అందరితో పాటు కూర్చుని కేకు తింటుంది. పల్లీ క్రీమ్ కప్‌కేకులు సాయంత్రం ఇంటి పండుగకు ఉంచుకోవచ్చు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిల్వ ఉంటాయి.